కమ్మరి కోసం గీసిన వైద్యం: పాత ఎముకల చికిత్స చెక్కుడు బొమ్మలను ఎలా చదవాలి

క్లుప్తంగా: 16 నుంచి 18వ శతాబ్దం దాకా యూరప్ వైద్యగ్రంథాల్లో అచ్చయిన యంత్రాల బొమ్మలు ఇప్పుడు పుస్తకం నుంచి విడిపోయి, తప్పుడు శీర్షికలతో చేతులు మారుతున్నాయి. వాటిలో చాలావరకు రోగికి ఏం జరిగిందో చూపేవి కావు, పరికరాన్ని ఎలా తయారు చేయాలో చెప్పేవి. బలం ఎటు పనిచేస్తోంది, అచ్చు చెక్కదా రాగిదా, బొమ్మ అసలా నకలా, దాని పక్కన ఉండాల్సిన వివరణ ఏమైంది అన్నవి గమనిస్తే గందరగోళం చాలావరకు విడిపోతుంది.

ఒక మనిషిని పొడవాటి బల్ల మీద పడుకోబెట్టి ఉంటారు. చంకల కింద పట్టీలు, మోకాళ్ల పైన పట్టీలు. తల వైపు ఒకరు, కాళ్ల వైపు ఒకరు నిలబడి ఇరుసుకు గుచ్చిన పిడులను తిప్పుతుంటారు. ఇంటర్నెట్‌లో ఈ తరహా బొమ్మ కనబడినప్పుడు కింద ‘మధ్యయుగాల చిత్రహింస’ అని రాసి ఉండటం మామూలైపోయింది. అది చిత్రహింస కాదు, కీలు సరిచేసే వైద్యం. మధ్యయుగాల ఊహ కూడా కాదు. పరికరం క్రీస్తు పూర్వపు గ్రీకులది, బొమ్మ 16వ శతాబ్దపు అచ్చుయంత్రానిది. ఈ రెండింటి మధ్య దాదాపు రెండు వేల ఏళ్లున్నాయి. పాత బొమ్మల విషయంలో పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇలాంటి ఎడం దగ్గరే.

ఆరు మూరల బల్ల

ప్రాచీన గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ పేరు మీద ఉన్న కీళ్ల గ్రంథం ఈ బల్లకు కొలతలు కూడా ఇస్తుంది. పొడవు సుమారు ఆరు మూరలు, వెడల్పు రెండు మూరలు. ఇవాళ్టి లెక్కలో దాదాపు తొమ్మిది అడుగులు, మూడు అడుగులు. రెండు చివర్లా రెండు ఇరుసులు. పలక మీద పొడవునా గాడులు తీసి ఉంటాయి, మీటను ఏ గాడిలో ఆనించాలో రోగి ఒంటి కొలతను బట్టి ఎంచుకోవచ్చు. మధ్యలో, తొడల నడుమకు వచ్చేలా, నిలువుగా ఒక గూటం.

ఇందులో ఏ భాగమూ అనవసరంగా లేదు. తుంటి కీలు జారినప్పుడు తొడ ఎముక గుండు తన గిన్నెలోంచి బయటికొచ్చి అంచు అవతల చిక్కుకుంటుంది. చుట్టూ ఉన్న కండరాలు నొప్పికి బిగుసుకుని దాన్ని ఇంకా పైకి లాగేస్తాయి. కాబట్టి పని రెండు దశల్లో జరగాలి. ముందు ఎముకను అంచు దాటేంత దూరం పొడవునా లాగాలి, తర్వాత పక్క నుంచి నెట్టి గిన్నెలోకి జార్చాలి. లాగే పని ఇరుసులది, నెట్టే పని గాడిలో ఆనించిన మీటది. గూటం లేకపోతే లాగుడుకు మనిషంతా బల్ల మీద జారిపోతాడు, కీలు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. లాగేదానికి ఎదురు పట్టు ఉండాలన్న ఈ సూత్రం ఇప్పటి ఆర్థోపెడిక్ ఆపరేషన్ టేబుల్ మీద కూడా అలాగే కనబడుతుంది. అక్కడా కాళ్ల మధ్య మెత్త చుట్టిన స్తంభం ఉంటుంది.

ప్రమాదం ఎక్కడుందో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. ఇరుసు మందంలో సగం (వ్యాసార్ధం) 4 సెంటీమీటర్లు, పిడి పొడవు 40 సెంటీమీటర్లు అనుకుంటే బలం పది రెట్లవుతుంది. పిడి మీద ఒక మనిషి 15 కిలోల బరువు పెడితే పట్టీ మీద 150 కిలోల లాగుడు రావాలి. రాపిడిలో మూడో వంతు పోయినా 100 కిలోలు మిగులుతుంది. ఇప్పుడు చర్మానికి అంటించిన పట్టీతో వేసే ట్రాక్షన్‌లో (బరువు వేలాడదీసి లాగడంలో) బరువు సాధారణంగా 5 కిలోల దగ్గరే ఆపుతారు. ఎముకలోకి పిన్ను దించి లాగినా పెద్దవాళ్లకు 10 నుంచి 15 కిలోల దాకానే. ఇవి రోజుల తరబడి ఉంచే బరువులు, బల్ల మీద లాగుడు కొద్ది నిమిషాలదే, కాబట్టి రెంటినీ నేరుగా పోల్చకూడదు. అయినా ఆ నిమిషాల్లోనే పట్టీ కింద చర్మం నలిగి చనిపోవచ్చు, నరాలు సాగి కాలు చచ్చుబడవచ్చు. కీలు జారి వారాలు గడిచి, గిన్నె నిండా మచ్చకణజాలం పేరుకున్నాక లాగితే ఎముకే విరగవచ్చు.

ఇంత బలం ఎందుకు అవసరమైందంటే, బిగిసిన కండరాన్ని వదులు చేసే మార్గం అప్పట్లో లేదు. 1846లో ఈథర్ మత్తు ప్రదర్శన జరిగాక లెక్క మారిపోయింది. ఇప్పుడు జారిన తుంటిని మత్తులో, కండరాలు సడలిన స్థితిలో, ఒక డాక్టరు చేతులతో లాగుతుంటే ఇంకొకరు నడుము పట్టుకుంటారు. ఇరుసుల బల్ల మీద మనుషులకు అసహ్యం పుట్టి అది పోలేదు. మత్తు వచ్చాక దాని అవసరం తీరిపోయింది.

బొమ్మ ప్రయాణం కూడా తెలుసుకోదగ్గదే. క్రీ.పూ. 1వ శతాబ్దంలో సైప్రస్‌కు చెందిన అపోలోనియస్ హిప్పోక్రటీస్ కీళ్ల గ్రంథానికి వ్యాఖ్యానం రాశాడు. సుమారు 10వ శతాబ్దంలో కాన్‌స్టాంటినోపుల్‌లో దానికి బొమ్మలతో ఒక రాతప్రతి తయారైంది, 15వ శతాబ్దం చివర్లో అది ఫ్లోరెన్స్ చేరింది. దాన్ని ఆధారం చేసుకుని ఇటలీ వైద్యుడు గ్విడో గ్విడి 1544లో పారిస్‌లో లాటిన్ అనువాదం అచ్చు వేయించాడు. అందులో చెక్క అచ్చు బొమ్మల్లోని మనుషులు కండలు తిరిగిన ఇటలీ శిల్పాల్లా ఉంటారు. గ్రీకు మాట కాన్‌స్టాంటినోపుల్ చిత్రకారుడి చేతికి, అక్కడి నుంచి ఇటలీ చిత్రకారుడికి, చివరికి చెక్క చెక్కేవాడి ఉలికి చేరింది. 16వ శతాబ్దంలో ఈ బల్లను ఎంతమంది వాడారన్న ప్రశ్నకు ఆ బొమ్మలో జవాబు వెతకడం వృథా.

చెక్క అచ్చు, రాగి అచ్చు

బొమ్మ ఏ పద్ధతిలో అచ్చయిందో తెలిస్తే దాని వయసు, ఉద్దేశం సగం తెలిసినట్టే. చెక్క అచ్చులో గీత ఉండాల్సిన చోటు వదిలి మిగతా చెక్కంతా తవ్వేస్తారు. ఉబ్బెత్తుగా మిగిలిన గీతకు సిరా అంటుతుంది. సీసపు అక్షరాలూ ఉబ్బెత్తువే కాబట్టి రెంటినీ ఒకే చట్రంలో బిగించి ఒకేసారి అచ్చు వేయవచ్చు. అందుకే చెక్క బొమ్మ పాఠం మధ్యలోనే వస్తుంది. హాన్స్ ఫాన్ గెర్స్‌డోర్ఫ్ 1517లో స్ట్రాస్‌బర్గ్‌లో అచ్చు వేయించిన యుద్ధరంగ గాయాల వైద్యగ్రంథం ఈ తరహాదే. కాలు కోసివేయడాన్ని చూపిన తొలి అచ్చు బొమ్మగా చెప్పేది అందులోనే ఉంది. కోస్తున్న కాలి పక్కనే ఇంకో మనిషి, తెగిన చేతిని జంతువు మూత్రాశయంతో కప్పుకుని నిలబడి ఉంటాడు. ఒకే చట్రంలో చికిత్స ఇటు, చికిత్స తర్వాతి స్థితి అటు. బొమ్మ ఒక క్షణాన్ని కాక ఒక పద్ధతిని చూపుతోందనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

రాగి రేకు సంగతి దీనికి తలకిందులు. గీత లోతుగా ఉంటుంది, సిరా గీతలోకి దిగుతుంది. తడి కాగితాన్ని రేకు మీద పెట్టి రోలర్ల మధ్య గట్టిగా నొక్కితే కాగితం ఆ సిరాను పైకి లాక్కుంటుంది. ఆ ఒత్తిడికి కాగితం మీద రేకు అంచుల గుర్తు దీర్ఘచతురస్రంగా పడుతుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. యంత్రం వేరు కాబట్టి బొమ్మల పేజీలు విడిగా అచ్చయి తర్వాత పుస్తకంలో కుట్టబడతాయి. వాటిని సులభంగా ఊడదీసి, ఒక్కొక్కటిగా అమ్మడానికీ ఇదే కారణం. ఊడిన పేజీకి తోడుగా ఉండాల్సిన వివరణ పేజీ మాత్రం పుస్తకంలోనే మిగిలిపోతుంది.

జర్మనీలోని ఉల్మ్ నగర వైద్యుడు యోహానెస్ స్కుల్టేటస్ పుస్తకం దీనికి మంచి ఉదాహరణ. ఇటలీలోని పాడువాలో చదువుకున్న స్కుల్టేటస్ 1645లో చనిపోయాడు. ఆయన సేకరించిన పరికరాలను, చికిత్సలను 43 రాగి రేకు పలకలతో ఆయన సోదరుడి కొడుకు 1655లో అచ్చు వేయించాడు. ప్రతి పలకలోనూ ఒక్కో వస్తువుకు ఒక్కో గుర్తు, ఆ గుర్తు దేన్ని సూచిస్తుందో విడి పాఠం. రంపం, పుర్రెకు రంధ్రం చేసే బర్మా, విరిగిన కాలికి కట్టు, ఎముక లాగే బల్ల అన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకే గదిలో ఒకే రోగి మీద ఇవన్నీ వాడారని అనుకుంటే పొరపాటు. ఆయుధాగారంలో కత్తులు పేర్చినట్టు పేర్చారు, పుస్తకం లాటిన్ పేరు కూడా ఆయుధాగారమనే అర్థమే ఇస్తుంది.

అసలును, నకలును వేరు చేయడానికి ఒక చిట్కా ఉంది. రేకు మీద గీసింది కాగితం మీద అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. జాగ్రత్త గల చెక్కుడువాడు ముందే తిరగేసి చెక్కుతాడు. అచ్చయిన బొమ్మను చూసి ఉన్నదున్నట్టు కొత్త రేకు మీదికి ఎక్కించేవాడి బొమ్మలో కుడికాలు ఎడమకాలవుతుంది, వైద్యుడు ఎడమ చేత్తో కత్తి పడతాడు. అన్నిటికంటే నమ్మదగ్గ గుర్తు మరమేకు. మామూలు మరను కుడివైపు తిప్పితే బిగుస్తుంది, నిలువుగా పట్టుకుని చూస్తే దాని చుట్టు కుడివైపుకు పైకెక్కుతుంది. బొమ్మలో ఎడమవైపుకు ఎక్కుతుంటే అది తిరగబడిన నకలు కావచ్చు, లేదా చెక్కినవాడికి మర గురించి తెలియకపోవచ్చు. అలాంటి బొమ్మను నమ్మి పరికరం చేయించిన వైద్యుడికి బిగించాల్సినప్పుడు వదులయ్యే మర చేతికొస్తుంది. పెద్ద పేజీలోని బొమ్మను చిన్న సైజు ప్రతిలోకి కుదించినప్పుడు కొలత కూడా పోతుంది. అసలు పరిమాణంలో గీసిన ఎముక పట్టకారు నకలులో చెవి శుభ్రం చేసే చిమ్టాలా మిగులుతుంది.

తాళాల కమ్మరి మాటల్లో ఒక చెయ్యి

ఈ బొమ్మలు ఎవరి కోసమన్న ప్రశ్నకు తిరుగులేని జవాబు ఆంబ్రోయిజ్ పరే దగ్గర దొరుకుతుంది. క్షురకుడి వృత్తి నుంచి ఫ్రాన్స్ రాజుల శస్త్రవైద్యుడి దాకా ఎదిగిన పరే తన గ్రంథంలో ఒక ఇనుప చేతి బొమ్మ వేయించాడు. దాన్ని చేసిన పారిస్ తాళాల కమ్మరిని ‘పెటి లొరాఁ’ అన్న పేరుతో ప్రస్తావించాడు. భాగాల పేర్లను ఆ పనివాడి సొంత మాటల్లోనే ఇచ్చాననీ, ఏ తాళాల కమ్మరైనా గడియారాల పనివాడైనా చదివి ఇలాంటి చేతులు, కాళ్లు తయారు చేయగలగాలన్నదే తన ఉద్దేశమనీ స్పష్టంగా రాశాడు. వైద్యుల లాటిన్ పక్కనపెట్టి ఫ్రెంచిలో, అదీ కొలిమి దగ్గరి ఫ్రెంచిలో రాయడం ఆ కాలంలో చిన్న విషయం కాదు.

చేతి పనితీరు తాళం పనితీరే. ప్రతి వేలి మొదట్లో, వేలితో ఏకంగా ఒక పళ్ల చక్రం ఉంటుంది. చక్రాలన్నిటి మధ్యగా ఒక ఇనుప కడ్డీ, వేళ్లు దాని మీద తిరుగుతాయి. ప్రతి చక్రానికీ ఒక చిన్న కొక్కెం. రెండో చేత్తోనో బల్లకు ఆనించో వేలిని లోపలికి మడిస్తే కొక్కెం పళ్లలో పడి వేలు అక్కడే నిలిచిపోతుంది. నాలుగు చిన్న కొక్కేలనూ ఒకేసారి లేపడానికి ఒక పెద్ద కొక్కెం, దాని తోక చివర బొత్తం. బొత్తం నొక్కితే పట్టు విడిపోయి, ఒక్కో వేలికీ ఉన్న స్ప్రింగు ఆ వేలిని చాపేస్తుంది.

బొమ్మను ఇలా చదివితే దాని లోపమూ కనబడుతుంది. ఈ చెయ్యి తనంతట తాను ఏదీ పట్టుకోదు, మడవడానికి ఇంకో చెయ్యి కావాలి. వేలు పన్నుకూ పన్నుకూ మధ్య ఆగదు కాబట్టి సన్నని వస్తువు మీద పట్టు చిక్కదు. ఇనుము బరువు మోచేతి కింద మిగిలిన మొండి మీద పడుతుంది. గుర్రం కళ్లెం లాంటివి పట్టుకుని వదలకుండా ఉండటానికి అది పనికొస్తుంది, అన్నం తినడానికి పెద్దగా పనికిరాదు.

అదే గ్రంథంలో తాడు లాగితే బిగింపు వదిలి మోకాలి దగ్గర మడతపడే, కవచం లాంటి కాలు ఉంది. దానితోపాటు పేదల కాలు అన్న పేరుతో, మడిచిన మోకాలిని ఆనించే గిన్నె, కింద ఒక కర్ర మాత్రమే ఉన్న బొమ్మా ఉంది. మొదటిదానికి భాగాల జాబితా పెద్దది. రెండోదాన్ని వడ్రంగి బొమ్మ చూడకుండానే చేయగలడు. వాడుక ఎక్కువ దేనికి ఉండేదో వేరే చెప్పక్కర్లేదు. అయినా కళ్లను ఆకట్టుకునేది ఇనుప కాలు కాబట్టి ఇప్పుడు తిరిగే బొమ్మల్లో అదే ఎక్కువ. పాత వైద్యం గురించి బొమ్మల ద్వారా తెలుసుకునేవారికి ఈ పక్షపాతం తప్పదు. కష్టంగా తయారయ్యేదే బొమ్మకెక్కింది, రోజూ వాడినది బొమ్మకు అక్కర్లేకపోయింది.

వంగిన వెన్నుకు పరే చూపిన ఇనుప కవచానికి నిండా రంధ్రాలుంటాయి. అలంకారం కోసం కాదు, బరువు తగ్గించడానికి. లోపల మెత్త వేయాలని, ఎదిగే పిల్లలకు సుమారు మూడు నెలలకోసారి కొత్తది చేయించాలని రాశాడు. ఇవాళ వెన్ను వంపుకు ప్లాస్టిక్ బ్రేస్ వేసే నిపుణులూ ఎదుగుదలను బట్టి దాన్ని మారుస్తూనే ఉంటారు.

మర ఒక చుట్టు, ఎముక ఒక మిల్లీమీటరు

గెర్స్‌డోర్ఫ్ పుస్తకంలో ముడుచుకుపోయిన మోచేతిని, మోకాలిని సాగదీసే సాధనాలు కవచం ముక్కల్లా కనబడతాయి. వాటిని చేయగలిగింది కవచాలు చేసే కమ్మరే మరి. కీలుకు పైన ఒక పట్టీ, కింద ఒక పట్టీ, మధ్యలో రెండు వైపులా మర ఉన్న కడ్డీ. ఒక చివర కుడి మర, ఇంకో చివర ఎడమ మర ఉంటే కడ్డీని ఒక చుట్టు తిప్పినప్పుడు రెండు చివర్లూ ఒకేసారి జరుగుతాయి. మర మెట్టు, అంటే ఒక చుట్టుకు మర ముందుకు జరిగే దూరం, 3 మిల్లీమీటర్లయితే చుట్టుకు 6 మిల్లీమీటర్ల మార్పు.

ఇరుసుకూ మరకూ తేడా ఇక్కడుంది. ఇరుసు పిడి వదిలితే వెనక్కి తిరుగుతుంది, దాన్ని ఆపేందుకు ఎవరో పట్టుకునే ఉండాలి. మర ఎక్కడ వదిలితే అక్కడే నిలుస్తుంది. కాబట్టి ఇవాళ కొంచెం, రేపు కొంచెం తిప్పవచ్చు. చర్మానికి, కండకు, నరానికి సర్దుకునే వ్యవధి దొరుకుతుంది. 1950ల్లో సైబీరియాలోని కుర్గాన్‌లో గావ్రీల్ ఇలిజారోవ్ ఎముకను పొడిగించే చట్రం రూపొందించినప్పుడు నిలబడిన లెక్క రోజుకు 1 మిల్లీమీటరు, అదీ నాలుగు విడతల్లో. వేగంగా తిప్పితే మధ్యలో కొత్త ఎముక పుట్టదు, మరీ నెమ్మదైతే ముందే అతుక్కుపోతుంది. 1517 నాటి పరికరానికి ఈ లెక్క తెలియదు. బలం పడేదీ ఎముక మీద కాదు, చర్మం మీద. పట్టీ అంచు కింద పుండ్లు పడటం వీటి సహజ వైఫల్యం.

వంకర చెట్టు, నిటారు గుంజ

‘ఆర్థోపెడిక్’ అన్న మాట పుట్టింది 1741లో, పారిస్ వైద్యుడు నికొలా ఆండ్రీ పుస్తకంతో. గ్రీకులో తిన్నని అన్న మాటను, బిడ్డ అన్న మాటను కలిపి చేసిన పేరది. పుస్తకం తల్లిదండ్రుల కోసం రాసింది, శస్త్రవైద్యుల కోసం కాదు. అందులోని వంకర చెట్టును గుంజకు తాడుతో కట్టిన చిన్న బొమ్మ చాలా దేశాల ఆర్థోపెడిక్ సంఘాలకు చిహ్నమైంది. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెత తెలిసినవారికి దాని భావం విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఆ బొమ్మ ఉత్త ప్రతీక కాదు, అది చికిత్సావిధానం. కాలు వంకర ఉన్న బిడ్డకు, వంపు లోపలి వైపున, అంటే గుంట ఉన్న వైపున, ఒక ఇనుప రేకు ఆనించి గుడ్డతో కట్టాలని ఆండ్రీ చెప్పాడు. రేకు రెండు చివర్లూ కాలికి తగులుతాయి, మధ్యలో కట్టు ఉబ్బిన భాగాన్ని రేకు వైపు లాగుతుంది. చివర్లలో రెండు, మధ్యలో ఒకటి, మొత్తం మూడు చోట్ల బలం. ఇప్పటి బ్రేసులు, పిండికట్లు పనిచేసేదీ ఈ మూడు బిందువుల సూత్రంతోనే. రేకును ఉబ్బిన వైపు కడితే మధ్యలో ఒక్కచోటే తగిలి అక్కడ పుండు పడుతుంది, వంపు అలాగే ఉంటుంది.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. నడక మొదలుపెట్టే పసిపిల్లల కాళ్లు కొద్దిగా వంగి ఉండటం సహజం, చాలామందికి రెండేళ్ల వయసు దాటేసరికి వాటంతటవే సరవుతాయి. రికెట్స్ అనే, ఎముకలు మెత్తబడే జబ్బు వల్ల వంగిన కాళ్లకు విటమిన్ డి లోపం కారణమని తేలింది 20వ శతాబ్దంలోనే. కాబట్టి 18వ శతాబ్దపు రేకుకు దక్కిన మంచిపేరులో ఎదుగుదల వాటా, ఎండ వాటా ఎంతో విడదీయడం సాధ్యం కాదు.

మన దగ్గరి బొమ్మలు

ప్రాచీన సంస్కృత శస్త్రవైద్య గ్రంథం సుశ్రుత సంహితలో 101 యంత్రాలు (మొద్దు పరికరాలు), 20 శస్త్రాలు (కోసే పరికరాలు) ఉన్నాయి. స్వస్తిక యంత్రాలు (అడ్డంగా కలిసే పట్టకార్లు) 24, సందంశాలు (చిమ్టాలు) 2, తాళ యంత్రాలు (చెంచా లాంటివి) 2, నాడులు (గొట్టాలు) 20, శలాకలు (కడ్డీలు) 28, ఉపయంత్రాలు (సహాయక వస్తువులు) 25. స్వస్తిక యంత్రాలు 18 అంగుళాల పొడవుండాలి, వాటి ముఖాలు సింహం, పులి, కాకి, కొంగ లాంటి జంతువుల, పక్షుల ముఖాలను పోలి ఉండాలి. ఇక్కడి అంగుళం వేలి వెడల్పు, ఇంచీ కాదు. తొడ, పిక్క ఎముక విరిగినవారిని పలక మీద పడుకోబెట్టి అయిదు చోట్ల మేకులు దిగగొట్టి కదలకుండా కట్టే కపాటశయనం కూడా ఇందులోదే. ఎదురు పట్టు సూత్రం అక్కడా ఉంది.

అయితే సుశ్రుతుడి పనిముట్లంటూ తిరిగే బొమ్మలు ఆ కాలానివి కావు. సంహిత మనకు బొమ్మలు లేకుండా, మాటల్లోనే అందింది. గుజరాత్‌లోని గోండల్ సంస్థాన పాలకుడు భగవత్‌సింహ్‌జీ 1896లో, కలకత్తాలో గిరీంద్రనాథ ముఖోపాధ్యాయ 1913-14లో వెలువరించిన పుస్తకాల్లాంటి వాటిలో పాఠాన్ని బట్టి ఊహించి గీసినవే తర్వాత విస్తరించాయి. వాటి మరలు, మడతబందులు, పిడుల వంపులు అప్పటి ఆసుపత్రి పరికరాలను గుర్తుచేస్తే ఆశ్చర్యం లేదు. శ్లోకం సాక్ష్యమే, బొమ్మ ఆ శ్లోకానికి ఒక వ్యాఖ్యానం. రెంటినీ కలిపేయడం వల్ల నష్టపోయేది ఎంతో నిర్దిష్టంగా ఉన్న ఆ శ్లోకమే.

చేతి నుంచి చేతికి వచ్చిన వైద్యానికి అసలు బొమ్మే ఉండదు. పుత్తూరు కట్టుకు కావాల్సినవి వెదురు బద్దలు, ఆకు పసరు, కోడిగుడ్డు సొన, గుడ్డ. వీటిలో కమ్మరికి చెప్పి చేయించాల్సింది ఏమీ లేదు. ఎముకను తడిమి సరిచేసే వేళ్ల ఒడుపును చెక్కుడు బొమ్మ పట్టుకోలేదు కూడా.

బొమ్మ నిజంగా వైద్యాన్ని దేశం దాటించిన సందర్భం ఒకటుంది. టిప్పు సుల్తాన్‌తో యుద్ధంలో ఆంగ్ల సైన్యానికి బండి తోలిన కవాస్‌జీ పట్టుబడి ముక్కు, ఒక చెయ్యి కోల్పోయాడు. పుణె ప్రాంతపు వైద్యుడు నుదుటి చర్మంతో అతనికి ముక్కు నిర్మించాడు. అతని చిత్తరువు 1794లో చెక్కుడు బొమ్మగా అచ్చయి, అదే ఏడాది అక్టోబరులో లండన్‌లోని ‘జెంటిల్‌మన్స్ మ్యాగజైన్’లో విధానంతో సహా వచ్చింది. మొండి ముక్కు మీద మైనం రేకు అమర్చి ముక్కు రూపం తేవాలి, దాన్ని చదును చేసి నుదుటి మీద పెట్టి చుట్టూ గీత గీయాలి, ఆ మేరకు చర్మం లేపి కనుబొమల మధ్య మాత్రం సన్నని తోక వదలాలి. రక్తం అందేది ఆ తోక గుండానే, దాన్ని సుమారు 25వ రోజున కోస్తారు. ఇందులో ప్రతి దశకూ కారణం ఉంది, కొలత ఉంది. లండన్ శస్త్రవైద్యుడు జోసెఫ్ కార్ప్యూ భారతదేశంలో ఉండి వచ్చినవారిని విచారించి, 1814లో మొదటి రోగికి ఈ విధానంలో ముక్కు కట్టాడు. బొమ్మ అచ్చయి అప్పటికి ఇరవై ఏళ్లు.